బడి అయ్యాక నగరం నడిపే కేంద్రాలకు ఆదాయాన్ని బట్టి ఫీజు: ఎలా పెడితే న్యాయంగా ఉంటుంది?

వెన్నెల_ఆర్

అందరికీ నమస్కారం. మా నగరపాలక సంస్థ బడి వదిలాక పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునే కేంద్రాలు నడుపుతోంది. ఇన్నాళ్లూ అందరికీ ఒకటే ఫీజు. కష్టంలో ఉన్నవాళ్లు విడిగా అర్జీ పెట్టుకుంటే రాయితీ ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పద్ధతి తీసేసి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు పెడదామని ప్రతిపాదన వచ్చింది. సలహా కమిటీలో తల్లిదండ్రుల తరఫున నేను ఉన్నాను, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముసాయిదాలో ఐదు శ్లాబులున్నాయి. కరెన్సీతో పని లేకుండా, ఒక పిల్లకు నెలకు అయ్యే పూర్తి ఖర్చు 100 అనుకుందాం. నెల ఆదాయం 1,000 లోపు ఉంటే ఫీజు లేదు. 1,000 నుంచి 1,200 వరకు 20. 1,200 నుంచి 1,500 వరకు 50. 1,500 నుంచి 2,000 వరకు 75. ఆపైన 100.

ఆలోచన మంచిదే. ఉన్నవాళ్లు ఎక్కువ కట్టి లేనివాళ్లు తక్కువ కట్టడం నాకు ఇష్టమే. కానీ ఈ పట్టిక చూస్తే మనసుకు పట్టడం లేదు. ఎక్కడ తేడా ఉందో చెప్పగలరా? ఆదాయం ఎలా రుజువు చేయించాలి, ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఎలా అన్నవి కూడా తేలాలి. వేరే చోట్ల ఏం చేశారో తెలిసినవాళ్లు దయచేసి రాయండి.

లెక్కలరాయుడు

తేడా శ్లాబుల అంచుల్లో ఉందండీ.

నెలకు 1,190 సంపాదించే ఇంటిని తీసుకోండి. ఫీజు 20. వాళ్లకు జీతం 20 పెరిగి 1,210 అయింది. శ్లాబు మారింది, ఫీజు 50 అయింది. జీతం పెరిగింది 20, ఫీజు పెరిగింది 30. అంటే జీతం పెరిగాక ఇంట్లో మిగిలేది 10 తగ్గింది. ఇద్దరు పిల్లలుంటే 40 తగ్గుతుంది. ఇలాంటి చోట తెలివైన తల్లి ఏం చేస్తుంది? ఓవర్‌టైమ్ వద్దంటుంది, లేదా ప్రమోషన్ ఒక ఏడాది వాయిదా వేయించుకుంటుంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు, పట్టిక ఆమెతో అలా చేయిస్తోంది.

మెట్లు తీసేసి వాలు పెట్టండి. 1,000 దాటిన ఆదాయంలో 10 శాతం ఫీజు, ఒక్కో పిల్లకు ఎక్కువలో ఎక్కువ 100. అప్పుడు 1,190 వాళ్లు 19 కడతారు, 1,210 వాళ్లు 21 కడతారు. 1,500 వాళ్లకు 50. 2,000 దగ్గర 100 కు చేరి అక్కడ ఆగిపోతుంది. ఎవరి జీతం పెరిగినా ఒక్కో పిల్లకు ఆ పెరిగినదాంట్లో పదో వంతే ఫీజుకు పోతుంది.

చిగురు_88

ఇంత సులువైతే అందరూ శ్లాబులే ఎందుకు పెడతారు?

లెక్కలరాయుడు

కాగితం మీద అచ్చు వేయడానికి, కౌంటర్‌లో చెప్పడానికి శ్లాబు తేలిక. ఫీజు చేత్తో లెక్కగట్టిన రోజుల్లో దానికి అర్థం ఉండేది. ఇప్పుడు ఆదాయం కొడితే ఫీజు చూపించే చిన్న పేజీ వెబ్‌సైట్‌లో పెట్టడం ఏ నగరానికీ భారం కాదు.

మున్సిపల్_ఖాతాలు

పురపాలక ఖాతాల్లో పనిచేసి రిటైరయ్యాను. రాయుడు గారి వాలు నాకు నచ్చింది. కానీ కమిటీలో ఆర్థిక విభాగం వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు వెన్నెల గారి దగ్గర జవాబు ఉండాలి: వసూలు ఎంత తగ్గుతుంది?

లెక్క చూడండి. 10 శాతం వాలులో 1,750 లోపు ఆదాయం ఉన్న ఏ ఇల్లూ ముసాయిదా కన్నా ఎక్కువ కట్టదు, దాదాపు అందరూ తక్కువే కడతారు. 1,350 వాళ్లు 50 బదులు 35 కడతారు. 1,750 నుంచి 2,000 మధ్య ఉన్నవాళ్లు మాత్రమే కొంచెం ఎక్కువ కడతారు. ఇలాంటి కేంద్రాలకు వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది ఆ కింది భాగంలోనే ఉంటే నగరానికి లోటు పడుతుంది. లోటు పడితే ముందు కోత పడేది కేంద్రంలో ఆయాల పనిగంటల మీద.

కాబట్టి 12 శాతం పెట్టి చూడండి. 1,100 వాళ్లకు 12 (ముసాయిదాలో 20). 1,350 వాళ్లకు 42 (ముసాయిదాలో 50). 1,750 వాళ్లకు 90 (ముసాయిదాలో 75). 1,833 దగ్గర పూర్తి ఫీజుకు చేరుతుంది. కింద తగ్గింది పైన కొంత పూడుతుంది. ఎంత పూడుతుందన్నది మీ నగరంలో ఏ ఆదాయంలో ఎన్ని కుటుంబాలున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. ఆ పట్టిక లేకుండా ఏ ఫీజు మీదా ఓటు వేయొద్దు. అడగండి, ఇస్తారు. పేర్లు లేకుండా సంఖ్యలు ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇంకొకటి గమనించారా? ముసాయిదాలో ఒక్కో శ్లాబుకు సరిగ్గా మధ్యలో ఉండే ఆదాయాన్ని తీసుకుని వాటిని కలుపుతూ గీత గీయండి. 1,000 నుంచి 1,100 కు వచ్చేసరికి ఫీజు సున్నా నుంచి 20, అంటే అదనపు ఆదాయంలో 20 శాతం. 1,100 నుంచి 1,350 మధ్య 12 శాతం. 1,350 నుంచి 1,750 మధ్య 6 శాతం పైచిలుకు. పేదరికం నుంచి అప్పుడే బయటపడుతున్న ఇంటి మీదే ఈ పట్టిక అన్నిటికన్నా గట్టిగా పడుతోంది. వెన్నెల గారూ, మీ మనసుకు పట్టనిది అదే అయ్యుంటుంది.

వెన్నెల_ఆర్

అదేనండీ. కళ్లకు కనిపిస్తున్నా మాటల్లో చెప్పలేకపోయాను. సగటు చూస్తే ఫీజు కట్టేవాళ్లలో ఎక్కువమంది ఆదాయంలో సుమారు 2 నుంచి 5 శాతం మధ్యే కడుతున్నట్టు ఉంటుంది, కానీ పెరిగే ప్రతి పైసా మీద భారం చూస్తే బొమ్మ వేరు. కుటుంబాల పంపిణీ పట్టిక రేపే అడుగుతాను.

సమానం_సర్వం

నేను మొత్తంగా వేరే మాట చెబుతాను. అసలు ఫీజు ఎందుకు? బడికి ఫీజు లేదు. లైబ్రరీకి లేదు. బడి మధ్యాహ్నం మూడింటికి వదిలి, ఉద్యోగాలు సాయంత్రం ఆరింటికి వదిలితే ఆ మూడు గంటల ఖాళీ తల్లిదండ్రులు చేసింది కాదు. ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవాలంటే పన్నులు ఉన్నాయి. ఆదాయ పరీక్ష ఒకసారి పన్ను దగ్గర జరుగుతోంది కదా, మళ్లీ కేంద్రం గుమ్మంలో ఎందుకు?

ఊహతో చెప్పడం లేదు. బర్లిన్‌లో 2018 నుంచి కిండర్‌గార్టెన్లకు ఫీజు తీసేశారు, 2019 నుంచి ఒకటి, రెండు తరగతుల పిల్లలకు బడి అయ్యాక సంరక్షణ ఫీజు కూడా తీసేశారు. జర్మనీ మొత్తానికి 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలతో మొదలుపెట్టి రోజంతా సంరక్షణ పొందే చట్టబద్ధమైన హక్కు పెట్టారు.

కెనడాలో క్యుబెక్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టారు. 2004లో 7 డాలర్లయింది. 2015లో ఆదాయాన్ని బట్టి అదనపు రుసుము తెచ్చారు. కొన్నేళ్లకే దాన్ని ఎత్తేసి, 2019 నుంచి మళ్లీ అందరికీ ఒకే రేటు పెట్టారు. ఆదాయాన్ని బట్టి ఫీజు చూసినవాళ్లే దాన్ని వదులుకున్నారు.

మున్సిపల్_ఖాతాలు

క్యుబెక్ ఉదాహరణ మంచిదే, కానీ అక్కడ ఏం నొప్పించిందో కూడా చూడాలి. ఆ అదనపు రుసుము కేంద్రంలో కట్టేది కాదు, ఏడాది చివర పన్ను లెక్కల్లో తేలేది. ముందుగా జీతంలోంచి కోత పెట్టించుకోని కుటుంబానికి ఒకేసారి బిల్లు వచ్చిపడేది. ఫీజు నెలనెలా ఎంతో ముందే తెలిసి ఉండాలన్న పాఠం నాకు అందులో కనిపిస్తోంది.

ఉచితం విషయానికి వస్తే, రాష్ట్రమో దేశమో చేయగలిగింది నగరం వల్ల కాదు. ఆదాయపు పన్ను చాలా చోట్ల నగరాల చేతిలో ఉండదు. నగరానికి ప్రధానంగా ఆస్తి పన్ను, పైనుంచి వచ్చే నిధులు. ఆస్తి పన్ను పెంచితే అది అద్దెల్లోకి వెళ్లి తక్కువ జీతాల వాళ్ల మీదే పడొచ్చు. పన్నులతో ఉన్నవాళ్ల దగ్గర తీసుకోండి అన్నది మాటకు బాగుంది, నగరానికి ఆ పనిముట్టు లేదు.

సమానం_సర్వం

ఒప్పుకుంటాను, నగరం ఒక్కటే చేయలేదు. అయినా గమ్యం అది అని ముసాయిదాలో రాయమంటాను. లేకపోతే ఆదాయాన్ని బట్టి ఫీజు అన్నది శాశ్వతమైపోతుంది, నిధులు అడిగేవాళ్లు ఉండరు.

ఉత్తరగాలి

స్వీడన్‌లో ఉంటాను, మా పిల్లలు బడి అయ్యాక ఫ్రితీడ్స్‌హెమ్‌కు, అంటే ఇక్కడి సాయంత్రం కేంద్రానికి వెళ్తారు. ఇక్కడి పద్ధతి ఈ రెండు వాదాల మధ్యలో ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

ఒకప్పుడు ఒక్కో మున్సిపాలిటీ తనకు తోచిన ఫీజు పెట్టేది. 2002లో గరిష్ఠ ఫీజు పద్ధతి తెచ్చారు. బడి వయసు పిల్లల సాయంత్రం సంరక్షణకు మొదటి పిల్లకు ఇంటి ఆదాయంలో 2 శాతం, రెండో పిల్లకు 1 శాతం, మూడో పిల్లకు 1 శాతం మించకూడదు. నాలుగో పిల్ల నుంచి ఫీజు లేదు. అందరికన్నా చిన్న పిల్లను మొదటి పిల్లగా లెక్కిస్తారు. ఆదాయానికి కూడా ఒక పైపరిమితి ఉంటుంది, దాన్ని దాటిన సంపాదన లెక్కలోకి రాదు. ఈ పద్ధతి ఎంచుకున్న మున్సిపాలిటీకి వచ్చే లోటును కేంద్ర ప్రభుత్వం గ్రాంటుతో పూడుస్తుంది.

ఇందులో శ్లాబులు లేవు, అంచులు లేవు. ఫీజు తక్కువ కాబట్టి మధ్యతరగతి వాళ్లూ ఇక్కడికే పంపిస్తారు, అందుకే కేంద్రాలు బాగా నడవాలని అందరూ పట్టుబడతారు. సమానం_సర్వం గారు కోరుకునేది కూడా అదే అనుకుంటాను.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ఇక్కడ ఇంటి ఆదాయం అంటే ఆ ఇంట్లో కలిసి ఉండే జంట ఇద్దరిదీ. ఆ ఇద్దరిలో ఒకరు పిల్లకు తల్లో తండ్రో కాకపోయినా సరే, వాళ్ల జీతం లెక్కలోకి వస్తుంది. ఒంటరిగా పిల్లను పెంచుకుంటున్న స్త్రీకి కొత్త తోడు దొరికితే ఫీజు పెరుగుతుంది, అతను ఆ పిల్లకు ఏమీ ఖర్చు పెట్టకపోయినా. మీరు "కుటుంబం" అన్న మాటకు అర్థం రాసేటప్పుడు దీని మీద ఆగి ఆలోచించండి.

చిగురు_88

కుటుంబం సంగతి వచ్చింది కాబట్టి ఫ్రాన్సు లెక్క ఒకటి గుర్తొస్తోంది. అక్కడ బడి భోజనాలకు, సాయంత్రం సంరక్షణకు చాలా పట్టణాలు ఆదాయాన్ని ఇంట్లో మనుషులతో భాగించిన అంకెను వాడతాయి. దాన్ని కుటుంబ భత్యాల సంస్థ లెక్కగట్టి ఇస్తుంది. ఏడాది ఆదాయంలో పన్నెండో వంతు, దానికి నెల భత్యాలు కలిపి, భాగాలతో భాగిస్తారు. జంటకు రెండు భాగాలు. ఒంటరి తల్లికో తండ్రికో కూడా రెండు భాగాలే. మొదటి పిల్లకు సగం, రెండో పిల్లకు సగం, మూడో పిల్లకు ఒక భాగం.

ఒంటరి తల్లికి జంటతో సమానంగా రెండు భాగాలివ్వడం నాకు చాలా నచ్చింది. ఒక్క జీతంతో ఇల్లు నడపడంలోని బరువును ఆ లెక్క గుర్తించింది. పట్టణం వాళ్లు మళ్లీ జీతం చీటీలు అడగక్కర్లేదు, ఆ అంకె ఒక్కటి చూపిస్తే చాలు. అయితే పారిస్ పది శ్లాబులు పెట్టింది, అంచుల సమస్య అక్కడా ఉన్నట్టే.

మున్సిపల్_ఖాతాలు

ఫ్రాన్సు నుంచే ఇంకొక ముఖ్యమైన సంగతి. జెన్‌విల్యే అనే పట్టణం సంగీత పాఠశాలకు ఆదాయాన్ని బట్టి ఫీజు పెడితే వివాదం అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాకా వెళ్లింది. 1997 డిసెంబరులో తీర్పు వచ్చింది: ఆదాయాన్ని బట్టి ఫీజు మార్చడం సమానత్వానికి విరుద్ధం కాదు, కాకపోతే అత్యధిక ఫీజు ఒక్కరికి అయ్యే ఖర్చును మించకూడదు. మరుసటి ఏడాది 1998లో చట్టంలోనూ ఇలాంటి ఫీజులకు చోటిచ్చారు.

ఆ పరిమితి ఎంత అవసరమో నా ఉద్యోగంలో చూశాను. ఉన్నవాళ్ల దగ్గర ఖర్చుకు మించి తీసుకుంటే వాళ్లు పిల్లల్ని ప్రైవేటు కేంద్రాలకు మార్చుకుంటారు. వాళ్ల ఫీజు పోతుంది, వాళ్ల గొంతు కూడా పోతుంది. మిగిలిన కేంద్రం పేదల కేంద్రంగా మిగిలిపోతే దాని బడ్జెట్ కోసం కౌన్సిల్‌లో నిలబడి మాట్లాడేవాళ్లు తక్కువ.

అందుకని "పూర్తి ఖర్చు 100" అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఇలాంటి కార్యక్రమంలో పెద్ద ఖర్చు జీతాలు. చూసుకునే ఒక్కో ఉద్యోగికి ఇంతమంది పిల్లలు అన్న నిష్పత్తి ఉంటుంది కాబట్టి గుంపు నిండినా సగం ఖాళీగా ఉన్నా జీతం అదే. నిండిన గుంపు లెక్కన చూస్తే పిల్లకు ఖర్చు ఒకటి, సగటు హాజరు లెక్కన చూస్తే ఇంకొకటి. బడి గదులకు అద్దె లేకపోయినా ఖాతాలో అద్దె చూపించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పై ఫీజు ఆ అంకె మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్ని విప్పి చూపించమనండి.

నైట్‌షిఫ్ట్_నాన్న

మీ లెక్కలన్నీ చదివాను. చాలా నేర్చుకున్నాను. కానీ వీటన్నిటిలో "నెల ఆదాయం" అని తేలిగ్గా రాస్తున్నారు, మా లాంటివాళ్లకు ఆ అంకే లేదండీ. నేను గిడ్డంగిలో రాత్రి పని చేస్తాను, మా ఆవిడ డెలివరీలు చేస్తుంది. పండగ నెలల్లో ఆదాయం ఒకలా, తర్వాతి నెలల్లో సగం. పోయినసారి రాయితీకి దరఖాస్తు పెడితే చివరి రెండు నెలల చీటీలు అడిగారు, అవి ఓవర్‌టైమ్ నెలలు. రాయితీ రాలేదు. ఫీజు మొదలయ్యేసరికి ఓవర్‌టైమ్ ఆగిపోయింది. మళ్లీ చూడమంటే వచ్చే ఏడాది రమ్మన్నారు. పాపను సాయంత్రాలు పక్కింటివాళ్ల దగ్గర ఉంచాల్సి వచ్చింది. వాళ్లు మంచివాళ్లు, కానీ పాప రోజూ "ఇవాళ ఎక్కడికి?" అని అడిగేది.

నాకు తక్కువ ఫీజు కావాలని అడగడం లేదు. నా అసలు ఆదాయానికి తగిన ఫీజు కావాలి.

పల్లవి_టీచర్

నాన్న గారూ, మీలాంటి కుటుంబాలను నేను రోజూ చూస్తాను. ఇలాంటి కేంద్రంలోనే పనిచేస్తున్నాను. గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను, అది పట్టికల్లో కనిపించదు.

ఎక్కువ రాయితీ రావాల్సినవాళ్లే దరఖాస్తు పూర్తి చేయకుండా వదిలేస్తారు. ఒక్కో కాగితం ఒక్కో గోడ. నగదు జీతం తీసుకునేవాళ్లకు చీటీ ఉండదు. ఇల్లు మారినవాళ్లకు చిరునామా రుజువు ఉండదు. భాష రానివాళ్లకు పిల్లలే ఫారం చదివి చెబుతారు, అంటే ఇంటి ఆదాయం ఎంతో ఎనిమిదేళ్ల పాపకు తెలిసిపోతుంది. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, కొన్ని చోట్ల ఫీజు బాకీల జాబితా మా చేతికిచ్చి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిని అడగమంటారు. పిల్లలు పక్కనే ఉంటారు.

నా కోరికలు రెండే. కేంద్రంలో పనిచేసేవాళ్లకు ఎవరు ఎంత కడుతున్నారో తెలియకూడదు, వసూలు నగర కార్యాలయమే చూసుకోవాలి. ఇంకొకటి, ఇప్పటికే వేరే పథకానికి ఆదాయం రుజువు చేసుకున్న కుటుంబాన్ని మళ్లీ అడగకూడదు. అమెరికాలో బడి భోజనాలకు ఈ పని చేస్తున్నారు: ఆహార సాయం పొందే ఇంటి పిల్లలు విడిగా దరఖాస్తు లేకుండానే ఉచిత భోజనానికి అర్హులవుతారు. 2010 చట్టం ఇంకో అడుగు వేసింది. అలా గుర్తించిన పిల్లలు బడిలో తగినంత శాతం ఉంటే ఇంటింటి దరఖాస్తులు లేకుండా బడి మొత్తానికి ఉచిత భోజనం పెట్టొచ్చు. ఆ హద్దు మొదట 40 శాతం, 2023లో 25 శాతానికి తగ్గించారు. సాయంత్రం కేంద్రాలకు కూడా కొన్ని బడులను అలా మొత్తంగా ఫీజు లేనివిగా ప్రకటించవచ్చు కదా?

లెక్కలరాయుడు

పల్లవి గారు చెప్పిన చివరి మాట చాలా విలువైనది. వాలు ఎంత బాగా గీసినా దరఖాస్తు దగ్గర సగం మంది ఆగిపోతే ఆ వాలు ఎవరికి?

నైట్‌షిఫ్ట్_నాన్న గారి సమస్యకు నా సూచన: పన్నెండు నెలల సగటు తీసుకోవాలి. ఆదాయం పడిపోతే ఏడాది మధ్యలో ఎప్పుడైనా తగ్గించమని అడగొచ్చు, అడిగిన నెల నుంచే తగ్గాలి. పెరిగితే మాత్రం వచ్చే వార్షిక సమీక్ష దాకా ఫీజు కదలకూడదు. నగరానికి కొంచెం నష్టం ఉంటుంది, కానీ ప్రతి నెలా చీటీలు పరిశీలించే సిబ్బంది ఖర్చు మిగులుతుంది. కాగితాలేవీ లేనివాళ్ల దగ్గర సంతకంతో స్వీయ ప్రకటన తీసుకుని, కొన్నిటిని మాత్రం ఎంచి తనిఖీ చేయొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. సాయం అందుకునే కుటుంబం మీద ఒకే ఆదాయాన్ని చూసే పథకాలు చాలా ఉంటాయి. అమెరికా ఉదాహరణే తీసుకుంటే, ఇంటి అద్దెకు ప్రభుత్వ సాయం (వోచరు) అందుకునేవాళ్లు సర్దుబాటు చేసిన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దె కడతారు, అంటే జీతం 100 పెరిగితే అద్దె 30 పెరగొచ్చు. ఆహార సాయం కూడా నికర ఆదాయం పెరిగినకొద్దీ తగ్గుతుంది. వీటి మీద పన్నులు. వాటిపైన మన 12 శాతం. ఒక్కో పథకం విడిగా చూస్తే మెత్తగానే ఉంటుంది, అన్నీ కలిస్తే పెరిగిన జీతంలో సగానికి పైగా ఇంటికి రాకుండా పోవచ్చు. పిల్లల సంరక్షణకు కట్టిన ఫీజును ఆ రెండు పథకాల్లోనూ ఆదాయంలోంచి మినహాయించే వీలుంది, అది కొంత ఊరట. మీ నగరం ఫీజు కట్టిన రశీదును ఆ మినహాయింపులకు పనికొచ్చే రూపంలో ఇవ్వాలి. ఖర్చు లేని సాయం అది.

వెన్నెల_ఆర్

రశీదు సంగతి మా కమిటీలో ఎవరికీ తట్టలేదు. రాసుకున్నాను. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నప్పుడు ఎలా పెడదాం?

లెక్కలరాయుడు

రెండో పిల్లకు సగం రేటు పెడితే అదనపు ఆదాయం మీద 12, 6 కలిపి 18 శాతం అవుతుంది. దాని మీద ఒక పైకప్పు వేయండి: ఎంతమంది పిల్లలున్నా మొత్తం ఫీజు ఇంటి ఆదాయంలో 7 శాతం దాటకూడదు. ఈ 7 శాతం నేను కల్పించింది కాదు, అమెరికా ఫెడరల్ శిశు సంరక్షణ నిధి కింద కుటుంబాల వాటాకు 2024 నిబంధనల్లో ఈ పరిమితినే పెట్టారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 1,636 ఆదాయం దగ్గర ఈ కప్పు అడ్డుపడటం మొదలవుతుంది. 1,833 దగ్గర 150 బదులు 128 కడతారు.

చిగురు_88

ఆలస్యం జరిమానాల గురించి ఎవరూ రాయలేదు. మా దగ్గర పావుగంట ఆలస్యమైతే అందరికీ ఒకటే జరిమానా. ఫీజు సున్నా ఉన్న ఇంటికి ఆ జరిమానాయే అసలు ఫీజు అయిపోతుంది.

పల్లవి_టీచర్

నిజం. పైగా జరిమానా పని చేస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డేకేర్ కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. ఆరు కేంద్రాల్లో ఆలస్యానికి జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు పెరిగారు. జరిమానా తీసేశాక కూడా తగ్గలేదు. డబ్బు కట్టాం కాబట్టి ఆలస్యంగా రావచ్చు అనుకున్నారన్నమాట. బస్సు ఆలస్యమైన తల్లి దగ్గర డబ్బు తీసుకునే బదులు, ఎవరికి రోజూ ఇరవై నిమిషాలు చాలడం లేదో చూసి ఒక కేంద్రాన్ని అరగంట ఎక్కువ తెరిచి ఉంచితే మా పని కూడా సులువవుతుంది.

నైట్‌షిఫ్ట్_నాన్న

ఫీజు మీద ఇంత మాట్లాడుకున్నాం, సీట్ల మాట కూడా ఎత్తాలి. రిజిస్ట్రేషన్ ఉదయం తొమ్మిదింటికి ఆన్‌లైన్‌లో తెరుస్తారు, పావుగంటలో అయిపోతుంది. ఆ టైముకి రాత్రి పని చేసినవాడు నిద్రలో ఉంటాడు, పగలు పని చేసేవాడు ఫోన్ లాకర్‌లో పెట్టి ఉంటాడు. ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉన్నవాళ్లకు సీటు దొరుకుతుంది. వాలు ఎంత బాగున్నా సీటు దొరకని ఇంటికి ఫీజు ఎంతైతే ఏంటి?

సమానం_సర్వం

ఇది నా వాదానికి కూడా వర్తిస్తుంది. సీట్లు తక్కువగా ఉండి ఫీజు తీసేస్తే ఆ ఉచితం కూడా ముందు క్లిక్ చేసినవాళ్లకే వెళ్తుంది. దరఖాస్తులకు కనీసం రెండు వారాలు గడువిచ్చి, తర్వాత లాటరీ వేయాలి. కొన్ని సీట్లు ఏడాది మధ్యలో వచ్చే పిల్లల కోసం ఆపి ఉంచాలి. మధ్యలో ఇల్లు మారేవాళ్లు ఎక్కువగా అద్దె కుటుంబాలే.

మున్సిపల్_ఖాతాలు

లాటరీకి నా మద్దతు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఫీజు ఆదాయం మీద బడ్జెట్ నిలబెడితే, పూర్తి ఫీజు కట్టే పిల్లలు ఎక్కువ ఉన్న కేంద్రానికి డబ్బు ఎక్కువ వస్తుంది. నిర్వాహకుడికి తెలియకుండానే ఆ పిల్లల వైపు మొగ్గు వస్తుంది. అందుకని వసూలంతా నగరం ఒక ఖాతాలో వేసుకుని, కేంద్రాలకు పిల్లల సంఖ్యను బట్టి పంచాలి. ఏ కేంద్రానికీ "మా పిల్లలు ఎంత కడుతున్నారు" అన్న లెక్కతో పని ఉండకూడదు.

ఉత్తరగాలి

విడిపోయిన తల్లిదండ్రుల సంగతి ఒక్క మాట. పిల్ల ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉంటే, ఇద్దరి ఆదాయం కలిపితే అన్యాయం, ఒకరిదే చూస్తే ఇంకోలా అన్యాయం. ఇక్కడ మున్సిపాలిటీలు ఇద్దరికీ విడివిడిగా బిల్లు వేస్తాయి, ఇద్దరిదీ కలిపి ఒక సీటుకు ఉండే గరిష్ఠ ఫీజు దాటకుండా చూస్తాయి. మీరు కూడా ఎవరి వాటా వాళ్ల ఆదాయం మీద లెక్కేస్తే సరిపోతుంది.

వెన్నెల_ఆర్

అందరికీ కృతజ్ఞతలు. పంపిణీ పట్టిక వచ్చింది, ఖాతాల వారికి విడిగా పంపాను. 12 శాతంతో వసూలు ముసాయిదా కన్నా కొద్దిగానే తగ్గుతుందని ఆయన లెక్కగట్టి ఇచ్చారు. దాంతో కమిటీకి రాతపూర్వకంగా పెడుతున్నది ఇది: శ్లాబుల బదులు 1,000 పైన 12 శాతం వాలు, 7 శాతం పైకప్పు, ఖర్చుకు మించని గరిష్ఠ ఫీజు. పన్నెండు నెలల సగటు ఆదాయం, పడిపోతే వెంటనే తగ్గింపు. వేరే పథకంలో ఉన్నవాళ్లకు మళ్లీ కాగితాలు వద్దు. "ఇంటి ఆదాయం" అన్నచోట పిల్లను పోషించే బాధ్యత చట్టప్రకారం ఉన్నవాళ్ల ఆదాయమే చూడాలని రాశాను, ఉత్తరగాలి గారి హెచ్చరిక చదివాకే అది చేర్చాను. లాటరీ, ఉమ్మడి ఖాతా రెండూ ఉన్నాయి. ఉచితమే గమ్యం అన్న వాక్యం కూడా పెట్టాను, దాని మీద గొడవ జరుగుతుందని తెలుసు.

నైట్‌షిఫ్ట్_నాన్న

ఇంకొకటి చేర్చగలరా? ఏడాది తర్వాత ఎంతమంది దరఖాస్తు మొదలుపెట్టారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి సీటు వచ్చింది, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నవి ఆదాయాల వారీగా నగరం బయటపెట్టాలి.

వెన్నెల_ఆర్

చేర్చాను. మొదటి నివేదిక ఆరు నెలలకే రావాలని అడుగుతున్నాను, అప్పుడైతే వచ్చే ఏడాది ఫీజు ఖరారయ్యేలోపు చూసి మార్చుకోవచ్చు.